సీ కోడ్‌లో తాలు ఏరడం: ఏ వార్నింగులు ఆన్ చేయాలి, ఏవి వదిలేయాలి

పోయిన మిర్చి సీజన్‌లో మేము చేసిన ఎలక్ట్రానిక్ కాటా ఒకటి ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక వ్యాపారి కొట్టులో ట్రయల్‌కి పెట్టాం. తూకం బాగానే చూపించింది, బస్తా వెంట బస్తా ఎక్కించి దింపారు, అంతా సాఫీగా నడిచింది. సాయంత్రం బస్తా దింపి, దాని కింది ట్రే కూడా తీసి పక్కన పెట్టేసరికి డిస్‌ప్లే మీద 42,94,966 కిలోలు. "సారూ, మార్కెట్ మొత్తం ఊడ్చినా ఇంత మిర్చి రాదు గదా" అని వ్యాపారి నవ్వాడు. మేము నవ్వే పరిస్థితిలో లేము.

జరిగింది చాలా చిన్నది. మొత్తం బరువులోంచి ట్రే బరువు తీసెయ్, సున్నా కంటే తక్కువ వస్తే సున్నా చూపించు అని ఒక ఇఫ్ రాసుకున్నాం. కానీ రెండు వేరియబుల్సూ 32 బిట్ల అన్‌సైన్డ్. అన్‌సైన్డ్ సంఖ్య సున్నా కంటే తక్కువ కావడం ఎప్పటికీ జరగదు కాబట్టి ఆ ఇఫ్ ఉన్నా లేనట్టే. ట్రే 1200 గ్రాములు, కాటా మీద ఏమీ లేదు, సున్నాలోంచి 1200 తీస్తే వెనక్కి తిరిగి 4294966096 గ్రాములు అయి కూర్చుంది. "ఈ పోలిక ఎప్పటికీ తప్పే" అని చెప్పే వార్నింగ్ మేము వాడే సీ కంపైలర్ జీసీసీలో ఎప్పటి నుంచో ఉంది, మేమే ఆన్ చేయలేదు. ఆ తర్వాత హన్మకొండ ఆఫీసుకి వచ్చే ఇంటర్న్ పిల్లలు, కాలేజీ ప్రాజెక్టులు చేసేవాళ్లు "అన్నా, ఏ ఫ్లాగులు పెట్టుకోవాలి" అని అడిగినప్పుడల్లా చెప్పేదే ఇక్కడ రాస్తున్నా.

ఒక ముచ్చట ముందే. ఫ్లాగుల పేర్లు, అంటే కంపైలర్‌కి ఇచ్చే ఆప్షన్ల పేర్లు, పలికినట్టు విడదీసి రాస్తాను. టైపు చేసేటప్పుడు మైనస్ గుర్తు, పెద్ద అక్షరం డబ్ల్యూ, దానికి అంటుకునే మిగతా మాట చిన్న అక్షరాల్లో, పేరులో రెండు మాటలుంటే వాటి మధ్య హైఫన్. అంతే.

ముందు మీ కంపైలర్ ఎవరో తెలుసుకోండి

నవ్వకండి, లాప్‌టాప్‌లో ఒక వెర్షను, బోర్డు కోసం దించుకున్న టూల్‌చెయిన్‌లో ఇంకో వెర్షను, సర్వర్‌లో మూడోది ఉండటం మామూలే. వెర్షన్ చూసి ఒక కాగితం మీద రాసుకోండి. అలాగే భాష ఏ స్టాండర్డో ఫ్లాగుతో స్పష్టంగా చెప్పండి, సీ99 అయితే సీ99, సీ11 అయితే సీ11. చెప్పకపోతే కంపైలర్ తన ఇష్టం. జీసీసీ 2015లో వచ్చిన 5వ వెర్షన్ నుంచి గ్నూ11ని (అంటే సీ11కి తన సొంత చేర్పులు కలిపినదాన్ని) డిఫాల్ట్ చేసుకుంది, 2018లో వచ్చిన 8వ వెర్షన్‌లో గ్నూ17కి, 2025లో వచ్చిన 15వ వెర్షన్‌లో గ్నూ23కి మారింది. సీ23లో ఫంక్షన్ పేరు పక్కన ఖాళీ బ్రాకెట్లు పెడితే "ఆర్గ్యుమెంట్లు ఏవీ లేవు" అని అర్థం, పాత సీలో అయితే "ఏమున్నాయో చెప్పను" అని అర్థం. పాత కోడ్ ఇలాంటి చోట్లే కొత్త కంపైలర్ దగ్గర మొరాయిస్తుంది, మీరేమో వార్నింగ్ ఫ్లాగుల వల్ల అనుకుని పరేషాన్ అవుతారు.

జీసీసీ దగ్గర ఇంకో మంచి సౌకర్యం ఉంది. మీ ఫ్లాగులన్నీ ఇచ్చి, వాటితోపాటు పెద్ద క్యూ ఆప్షన్, దాని పక్కన హెల్ప్ ఈక్వల్స్ వార్నింగ్స్ ఆప్షన్ ఇస్తే ఏ వార్నింగ్ ఆన్‌లో ఉంది, ఏది ఆఫ్‌లో ఉంది అని పూర్తి జాబితా చూపిస్తుంది. ఎక్కడో చదివింది నమ్మడం కన్నా, నేను రాసింది నమ్మడం కన్నా కూడా, ఆ జాబితా చూడటం నయం.

డబ్ల్యూ ఆల్, డబ్ల్యూ ఎక్స్‌ట్రా: ఇవి రెండూ జంట

డబ్ల్యూ ఆల్ అంటే అన్నీ అనుకుంటారు, పేరు అలా ఉంది మరి. అన్నీ కాదు. "ఎక్కువ మందికి పనికొస్తాయి, సరిచేయడం తేలిక" అని కంపైలర్ రాసినవాళ్లు అనుకున్న గుంపు మాత్రమే అది. ఇఫ్‌లో రెండు ఈక్వల్స్ పెట్టాల్సిన చోట ఒకటే పెడితే చెబుతుంది, ప్రింట్‌ఎఫ్‌కి ఇచ్చిన ఫార్మాట్‌కీ ఇచ్చిన విలువకీ పొంతన లేకపోతే చెబుతుంది, వాడని వేరియబుల్ ఉంటే చెబుతుంది. మా కాటాని ముంచిన తప్పును పట్టే టైప్ లిమిట్స్ మాత్రం ఇందులో లేదు, అది డబ్ల్యూ ఎక్స్‌ట్రాలో ఉంది. సైన్డ్‌నీ అన్‌సైన్డ్‌నీ పోల్చే సైన్ కంపేర్ వార్నింగ్ కథ ఇంకా తిక్కది, సీ ప్లస్ ప్లస్‌లో అయితే డబ్ల్యూ ఆల్‌తోనే వస్తుంది, సీలో అయితే ఎక్స్‌ట్రా కూడా పెట్టాలి. అందుకే ఈ రెండింటినీ విడదీసి ఆలోచించొద్దు, రెండూ పెట్టేయండి, దాని మీద చర్చ అక్కర్లేదు.

ఇంకోటి, ఆప్టిమైజేషన్. డీబగ్ బిల్డ్ అని మైనస్ ఓ సున్నా (ఇంగ్లీషు అక్షరం ఓ పక్కన సున్నా, అంటే ఆప్టిమైజేషన్ వద్దని) పెట్టుకుంటే జీసీసీ కోడ్ ఏ దారిలో నడుస్తుందో పెద్దగా లెక్క వేయదు, దాంతో "ఈ వేరియబుల్‌కి విలువ ఇవ్వకుండానే వాడుతున్నావేమో" అనే మేబీ అన్‌ఇనిషియలైజ్డ్ వార్నింగ్ రావాల్సిన చోట రాదు. కనీసం ఒక బిల్డ్ అయినా ఓ టూతో నడపండి. ఆ వార్నింగ్ కొన్నిసార్లు ఉత్తిదే, నిజం. అయినా వచ్చిన ప్రతిచోటా డిక్లరేషన్ దగ్గర ఈక్వల్స్ సున్నా తగిలించి నోరు మూయించొద్దు. ఆ సున్నా తప్పు విలువే అయితే ఇక దాన్ని ఎవరూ పట్టుకోలేరు, అప్పటిదాకా చెప్పగలిగింది కంపైలర్ ఒక్కటే.

లెక్క పెట్టకుండా ఏదీ మొదలుపెట్టొద్దు

పాత ప్రాజెక్టులో ఈ రెండు ఫ్లాగులూ పెట్టి బిల్డ్ కొట్టగానే స్క్రీన్ పైకి పోతూనే ఉంటుంది. మేడారం జాతరలో తప్పిపోయినవాళ్ల పేర్లు మైకులో చదువుతూనే ఉంటారు, ఒక గంట తర్వాత మన పేరే చదివినా మనకు వినబడదు, ఇదీ అంతే. అందుకని అవుట్‌పుట్ మొత్తం ఒక ఫైల్లోకి మళ్లించండి. దాదాపు ప్రతి వార్నింగ్ చివర చదరపు బ్రాకెట్లలో దాని ఫ్లాగు పేరు ఉంటుంది, జీసీసీ అయినా, క్లాంగ్ అనే ఇంకో కంపైలర్ అయినా. గ్రెప్‌తో ఆ బ్రాకెట్ల ముక్క ఒక్కటే ఏరి, సార్ట్ చేసి, యూనిక్‌తో లెక్కపెడితే ఏ రకం ఎన్ని ఉన్నాయో ఒక చిన్న పట్టిక వస్తుంది. పట్టిక చూశాక సగం టెన్షన్ పోతుంది, ఎందుకంటే ఒక హెడర్‌లో ఉన్న ఒకే తప్పు, ఆ హెడర్‌ని కలుపుకున్న ప్రతి ఫైలు కోసం మళ్లీ మళ్లీ వచ్చి ఉంటుంది. అది ఒక్కటి సరిచేస్తే వందల లైన్లు ఒక్కసారిగా మాయమవుతాయి.

ఇప్పుడు కుప్పలు పోయండి

మార్కెట్‌లో మిర్చి ఏరేటప్పుడు చూసే ఉంటారు, మంచి ఎరుపు ఒక కుప్ప, తాలు ఒక కుప్ప. మీ పట్టికను కూడా మూడు కుప్పలు చేయండి.

మొదటి కుప్ప, అసలు బిల్డే ఆగిపోవాల్సినవి. డిక్లరేషన్ లేకుండా ఫంక్షన్‌ని పిలవడం, పాయింటర్‌ని ఇంటిజర్‌లో వేయడం, ఒక రకం పాయింటర్ ఇవ్వాల్సిన చోట సంబంధం లేని ఇంకో రకం ఇవ్వడం, విలువ తిరిగి ఇవ్వాల్సిన ఫంక్షన్ ఏమీ ఇవ్వకుండా అయిపోవడం. వీటిని వార్నింగ్ అనడమే తప్పు. హెడర్ కలపడం మర్చిపోయి, పాయింటర్ తిరిగి ఇచ్చే మీ సొంత ఫంక్షన్ ఒకటి పిలిచారనుకోండి, పాత కంపైలర్ అది ఇంట్ ఇస్తుందని ఊహించుకుంటుంది. 32 బిట్ల బోర్డు మీద పాయింటరూ ఇంటూ ఒకే సైజు కాబట్టి నడిచిపోతుంది, అదే కోడ్ 64 బిట్ల లాప్‌టాప్‌లో టెస్ట్ చేస్తే పాయింటర్‌లో పై సగం పోయి ఎక్కడో క్రాష్ అవుతుంది, అప్పుడు అందరూ టెస్ట్ కోడ్‌ని తిడతారు. డిక్లరేషన్ లేని పిలుపును సీ99 స్టాండర్డే తీసేసింది, అయినా క్లాంగ్ దాన్ని ఎర్రర్‌గా మార్చింది 2023లో 16వ వెర్షన్‌తో, జీసీసీ మార్చింది 2024లో 14వ వెర్షన్‌తో. మీ టూల్‌చెయిన్ అంతకన్నా పాతదైతే డబ్ల్యూ ఎర్రర్ ఈక్వల్స్ ఇంప్లిసిట్ ఫంక్షన్ డిక్లరేషన్ అని మీరే పెట్టుకోండి, డబ్ల్యూ ఎర్రర్ అంటే వార్నింగ్‌ని ఎర్రర్‌గా లెక్కించి బిల్డ్ ఆపేసేది.

ఫార్మాట్ వార్నింగులూ ఈ కుప్పలోవే. యూఆర్ట్ (బోర్డు సీరియల్ పోర్టు) నుంచి వచ్చిన స్ట్రింగ్‌ని నేరుగా ప్రింట్‌ఎఫ్ మొదటి ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వడం మనవాళ్లలో మస్తు మంది చేస్తారు. బయటి నుంచి వచ్చిన ఆ స్ట్రింగ్‌లో పర్సెంట్ గుర్తు ఉందంటే మీ స్టాక్ దాని చేతిలో పెట్టినట్టే. ఫార్మాట్ ఈక్వల్స్ 2 పెట్టుకుంటే ఇది దొరుకుతుంది. ప్రింట్‌ఎఫ్‌ని చుట్టి సొంత లాగ్ ఫంక్షన్ రాసుకుంటాం కదా, దాని డిక్లరేషన్‌కి ఫార్మాట్ అట్రిబ్యూట్ తగిలించకపోతే కంపైలర్ దాని లోపల ఏమీ చూడదు, ఈ ఒక్క పని చేసిన రోజు మా కోడ్‌లో తప్పు ఫార్మాట్లు ఎన్ని బయటపడ్డాయో చెప్పుకుంటే సిగ్గు. ఆర్మ్ బోర్డుల మీద ఇంకో లొల్లి ఉంటుంది, 32 బిట్ల ఇంట్ టైపు అక్కడ లాంగ్‌గా నిర్వచించి ఉంటుంది కాబట్టి పర్సెంట్ డీకి వార్నింగ్ వస్తుంది. క్యాస్ట్ చేయకండి, ఇంట్‌టైప్స్ హెడర్‌లో అందుకోసమే మాక్రోలున్నాయి.

రెండో కుప్ప, డబ్ల్యూ ఆల్‌లోనూ ఎక్స్‌ట్రాలోనూ లేనివి, మీరు అడిగి తెచ్చుకోవాల్సినవి. నేనైతే ఈ వరుసలో తెస్తాను.

షాడో ముందు. బయట రిజల్ట్ అని ఒక వేరియబుల్, లూపు లోపల మళ్లీ అదే పేరుతో కొత్తది, లోపలిదానికి ఎర్రర్ కోడ్ వేసి బయటిదాన్ని రిటర్న్ చేస్తాం, ఫంక్షన్ ఎప్పుడూ "అంతా బాగుంది" అంటుంది. కళ్లతో చూస్తే దొరకదు, ఎందుకంటే కన్ను పేరునే చూస్తుంది.

తర్వాత అన్‌డెఫ్. ప్రీప్రాసెసర్ ఇఫ్‌లో మాక్రో పేరు ఒక్క అక్షరం తప్పు రాసినా దాని విలువ సున్నా అనుకుని ఆ భాగం మొత్తం చప్పుడు లేకుండా తీసేస్తుంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, ఫీచర్ మాత్రం పనిచేయదు.

మిస్సింగ్ ప్రోటోటైప్స్, స్ట్రిక్ట్ ప్రోటోటైప్స్ రెండూ కలిపి పెట్టండి. మొదటిది పెట్టగానే ప్రతి ఫంక్షన్‌కీ హెడర్‌లో డిక్లరేషన్ అయినా ఉండాలి, లేదా స్టాటిక్ అయినా కావాలి. స్టాటిక్ చేస్తూ పోతుంటే, ఎవరూ వాడని ఫంక్షన్లను డబ్ల్యూ ఆల్ తనంతట తనే చూపించడం మొదలుపెడుతుంది. ఒక్క ఫ్లాగు పెడితే ఇల్లంతా ఊడ్చినట్టు అవుతుంది.

వీఎల్‌ఏ, అంటే రన్ అయ్యేటప్పుడు సైజు తేలే అర్రే, 20 కిలోబైట్ల ర్యామ్ ఉన్న బోర్డులో దీనికి చోటు లేదు. లినక్స్ కెర్నల్ వాళ్లే 2018లో 4.20 వెర్షన్ నాటికి వాటన్నింటినీ ఏరి పారేశారు. సింగిల్ ప్రెసిషన్ ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్ ఉన్న చిప్ వాడుతుంటే డబుల్ ప్రమోషన్ కూడా పెట్టండి, 0.5 పక్కన ఎఫ్ మర్చిపోతే లెక్క డబుల్‌లోకి పోయి సాఫ్ట్‌వేర్‌లో నత్తనడక నడుస్తుంది. డూప్లికేటెడ్ కాండ్, లాజికల్ ఆప్ కూడా పనికొస్తాయి, అవి జీసీసీలోనే ఉన్నాయి.

ఇంకో ఫ్లాగు పెట్టకుండానే వచ్చే ఒక లాభం చాలామంది చెడగొట్టుకుంటారు, అదీ ఇక్కడే చెప్పేస్తా. ఈనమ్ మీద స్విచ్ రాస్తే, ఏ కేస్ అయినా మిగిలిపోతే డబ్ల్యూ ఆల్ చెబుతుంది, కానీ డిఫాల్ట్ పెట్టారో ఇక చెప్పదు. మా కాటాలో ఖాళీ, తూస్తోంది, నిలకడ, ఓవర్‌లోడ్ అని స్థితులున్నాయి. "ట్రే సెట్ చేస్తోంది" అని కొత్త స్థితి కలిపినప్పుడు దాన్ని పట్టించుకోని స్విచ్‌లన్నీ కంపైలరే వేలెత్తి చూపించింది, డిఫాల్ట్ లేని చోట. ఉన్న చోట మేము వెతుక్కున్నాం. బ్రేక్ మర్చిపోయి కింది కేస్‌లోకి జారిపోయే సంగతి జీసీసీలో ఎక్స్‌ట్రా చూసుకుంటుంది, క్లాంగ్‌లో ఇంప్లిసిట్ ఫాల్‌త్రూ అని విడిగా అడగాలి. కావాలనే జారవిడిస్తే కామెంట్ కాకుండా అట్రిబ్యూట్ పెట్టండి, కామెంట్‌ని జీసీసీ ఒప్పుకుంటుంది కానీ క్లాంగ్ ఒప్పుకోదు.

మూడో కుప్ప కన్వర్షన్, సైన్ కన్వర్షన్. ఇక్కడే మనుషులు విసిగిపోయి అన్నీ ఆఫ్ చేసేది. సీలో రెండు 8 బిట్ల సంఖ్యలు కలిపితే లెక్క ఇంట్‌లో జరుగుతుంది, దాన్ని మళ్లీ 8 బిట్లలో దాచుకుంటే వార్నింగ్, అది న్యాయమే కానీ డ్రైవర్ కోడ్‌లో ప్రతి రెండో లైనూ అదే. జూనియర్‌కి ఈ పని అప్పజెబితే రెండు రోజుల్లో అన్నిచోట్లా క్యాస్ట్‌లు కొట్టి "అయిపోయింది సార్" అంటాడు. ఆ క్యాస్ట్ తర్వాత అక్కడ నిజంగా ఓవర్‌ఫ్లో అయినా కంపైలర్ మాట్లాడదు, అంటే ముందున్న దానికన్నా అధ్వాన్నం. నా పద్ధతి ఏంటంటే, దీన్ని ప్రాజెక్టు మొత్తానికి పెట్టను. బరువు లెక్కలు చేసే ఫైలుకి, బయటి నుంచి వచ్చే ప్యాకెట్‌ని విప్పే ఫైలుకి, కొత్తగా రాసే ఫైళ్లకి మేక్‌ఫైల్‌లో (బిల్డ్ ఎలా చేయాలో రాసి ఉండే ఫైల్లో) విడిగా పెడతాను. తప్పు పడితే డబ్బు పోయేది ఆ చోట్లలోనే.

ఏవి వద్దు

కాల్‌బ్యాక్‌లు ఎక్కువ ఉన్న కోడ్‌లో అన్‌యూజ్డ్ పారామీటర్ ఆఫ్ చేసుకోండి, అందులో తప్పు లేదు. గ్నూ ఎక్స్‌టెన్షన్లు వాడేవాళ్లకి పెడాంటిక్ ఉత్త గోల, ఇంకో కంపెనీ కంపైలర్‌కి కోడ్ తీసుకెళ్లాలంటేనే పెట్టండి. ప్యాడెడ్, ట్రెడిషనల్, అగ్రిగేట్ రిటర్న్ లాంటివి చూసి వదిలేయండి. క్లాంగ్‌లో డబ్ల్యూ ఎవ్రీథింగ్ అని నిజంగానే అన్నీ ఆన్ చేసేది ఉంది, రోజువారీ బిల్డ్‌కి కాదు. ఆరు నెలలకోసారి నడిపి, మనకు తెలియని కొత్త వార్నింగ్ ఏదైనా వచ్చిందా అని చూసుకోవడానికి బాగుంటుంది. కాటా గొడవ తర్వాత మేము ఆవేశంలో దాన్నే మెయిన్ బిల్డ్‌లో పెట్టాం, వారం తిరగకముందే ఎవరూ అవుట్‌పుట్ చూడటం మానేశారు.

పేరు చూసి మోసపోయేది ఒకటుంది, అన్‌రీచబుల్ కోడ్, అంటే ఎప్పటికీ నడవని లైన్లను చూపించాల్సింది. 2014 ఫిబ్రవరిలో యాపిల్ వాళ్ల ఎస్ఎస్ఎల్ కోడ్‌లో గోటూ ఫెయిల్ అనే లైను పొరపాటున రెండుసార్లు పడి, రెండోది ఇఫ్‌తో పనిలేకుండా ఎప్పుడూ నడిచి, దాని కింద ఉన్న సంతకం తనిఖీ అసలు జరగకుండా పోయింది. క్లాంగ్‌లో ఈ ఫ్లాగు అప్పటికే ఉంది, కానీ డబ్ల్యూ ఆల్‌లో లేదు. జీసీసీలో ఇదే పేరు ఇస్తే గొడవ లేకుండా తీసుకుంటుంది కానీ ఏమీ చేయదు, ఆ పని దాని లోంచి ఎప్పుడో తీసేశారు. జీసీసీ వాళ్లకి ఇలాంటి తప్పు పట్టేది మిస్‌లీడింగ్ ఇండెంటేషన్, 2016లో 6వ వెర్షన్‌తో వచ్చింది, ఇది డబ్ల్యూ ఆల్‌లోనే ఉంది.

డబ్ల్యూ ఎర్రర్ ఎక్కడ పెట్టాలి

మీ సీఐలో (కోడ్ మారినప్పుడల్లా తనంతట తనే బిల్డ్ చేసి చూసే ఏర్పాటులో) పెట్టండి, మీ టీం మెషిన్లలో పెట్టండి. కోడ్‌ని వేరేవాళ్లు దించుకుని బిల్డ్ చేసుకునేలా ఇస్తుంటే మాత్రం అందులో డిఫాల్ట్‌గా పెట్టొద్దు, వాళ్ల దగ్గర రేపొచ్చే కంపైలర్‌లో కొత్త వార్నింగ్ ఉంటే మీ కోడ్ మారకుండానే బిల్డ్ పగులుతుంది. 2021లో లినక్స్ 5.15 కెర్నల్ తయారవుతున్నప్పుడు, లినక్స్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ దీన్ని అన్ని బిల్డ్‌లకీ ఆన్ చేసి, లొల్లి అయ్యాక కొన్ని రోజుల్లోనే టెస్ట్ బిల్డ్‌లకు మాత్రమే డిఫాల్ట్ అయ్యేలా తగ్గించాడు.

పాత ప్రాజెక్టుకి ఒక్కసారిగా ఎర్రర్ చేయడం కుదరదు. పట్టికలో తక్కువ సంఖ్య ఉన్న రకం తీసుకోండి, దాన్ని సున్నా చేయండి, అదే రోజు ఆ ఒక్క రకానికి డబ్ల్యూ ఎర్రర్ ఈక్వల్స్ పెట్టేయండి. ఇక అది వెనక్కి రాదు. మరుసటి వారం ఇంకో రకం. సున్నా చేసి ఎర్రర్ పెట్టకుండా వదిలేస్తే నెలలో మళ్లీ మొలుస్తాయి, కలుపు మొక్కకీ వీటికీ తేడా లేదు.

బోర్డు కంపెనీ ఇచ్చిన డ్రైవర్ కోడ్ జోలికి పోకండి. వాళ్ల హెడర్ల ఫోల్డర్‌ని మైనస్ ఐతో కాకుండా ఐసిస్టమ్‌తో ఇస్తే వాటి వార్నింగులు రావు, వాళ్ల సోర్స్ ఫైళ్లకి మేక్‌ఫైల్‌లో వేరే ఫ్లాగుల వరుస పెట్టండి. మీ కోడ్‌లో ఒక చోట నిజంగానే వార్నింగ్ ఉత్తిదైతే ప్రాగ్మాతో పుష్ చేసి, ఆ ఒక్కటి ఇగ్నోర్ చేసి, కింద పాప్ చేయండి, పక్కన ఎందుకో ఒక లైను తెలుగులో రాసినా పర్లేదు, మా దగ్గర రాస్తారు. పాప్ మర్చిపోతే ఫైల్ చివరి దాకా అది మూగబోతుంది, రివ్యూలో నేను ముందు చూసేది అదే.

వీలైతే బోర్డుకి జీసీసీతో బిల్డ్ చేసి, హార్డ్‌వేర్‌తో పనిలేని లెక్కల భాగాన్ని లాప్‌టాప్‌లో క్లాంగ్‌తో కూడా ఒకసారి కంపైల్ చేయండి, ఒకరికి కనబడనిది ఇంకొకరికి కనబడుతుంది. ఫ్లాగుల పేర్లు రెండింటిలో ఒకటి కాకపోతే జీసీసీ ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది, క్లాంగ్ ఊరికే గొణిగి ముందుకు పోతుంది. డబ్ల్యూ నో అని ఆఫ్ చేసే ఫ్లాగులో స్పెల్లింగ్ తప్పితే మాత్రం జీసీసీ కూడా మామూలుగా ఏమీ అనదు, ఇంకో వార్నింగ్ వచ్చినప్పుడే ఆ మాట బయటపెడుతుంది. అందుకే ఆఫ్ చేశానని అనుకున్నది ఆఫ్ అయిందో లేదో, మొదట్లో చెప్పిన జాబితాలో మళ్లీ ఒకసారి చూసుకోండి. మా మేక్‌ఫైల్‌లో అలాంటి తప్పు స్పెల్లింగు ఒకటి రెండేళ్లు అలాగే ఉంది, పోయిన నెల ఒక ఇంటర్న్ అమ్మాయి పట్టుకుంది.